వీపు తిప్పిన పదకొండు బొమ్మలు

ప్రశ్న: నా వయసు 44. పుట్టింది నెల్లూరు. పెళ్ళయ్యాక ఇరవై ఏళ్ళుగా చెన్నైలో, నంగనల్లూరులో ఉంటున్నాం. పెళ్ళికి ముందు రెండేళ్ళు ఫైన్ ఆర్ట్స్ చదివి మధ్యలో ఆపేశాను. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, మూడేళ్ళ క్రితం మళ్ళీ బ్రష్ పట్టుకున్నాను. కిందటేడు ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేశారు. అప్పటి నుంచి ఆడవాళ్ళ బొమ్మలు తప్ప ఇంకేవీ వేయాలనిపించడం లేదు. కానీ వేసిన పదకొండు కాన్వాసుల్లోనూ ఆవిడ వీపు తిప్పే ఉంది. ముఖం వేయబోతే క్యాలెండర్ బొమ్మ వస్తోంది, చెరిపేస్తున్నాను. మా అత్తగారు "ఇంటినిండా ఆడదాని వీపులేంటే, లక్ష్మి వెనక్కి తిరిగి వెళ్ళిపోతున్నట్టుంది" అంటున్నారు. ఒక గ్రూప్ షోకి రెండు బొమ్మలు తీసుకుంటామన్నారు, బొమ్మల వెనకున్న ఆలోచన ఏమిటో చెప్పే కాన్సెప్ట్ నోట్ రాసివ్వమన్నారు. "స్త్రీత్వాన్ని అన్వేషించడం" అని మొదలుపెట్టి మూడు రోజులుగా అక్కడే ఆగాను. నిజం చెప్పాలంటే, ఆపరేషన్ తర్వాత ఆ మాట రాసే హక్కు నాకుందా అనిపిస్తోంది. నేను ముఖాన్ని తప్పించుకుంటున్నానా? అసలు బొమ్మ ఎక్కడ మొదలుపెట్టాలి?

– ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం:

ముందు మీ అత్తగారి సంగతి. ఆవిడ విసుక్కున్నారని మీరు నొచ్చుకుంటూ రాశారు గానీ, నాకైతే ఆవిడ మీద గౌరవం కలిగింది. షో ప్రారంభం రోజున చేతిలో సమోసా ప్లేటుతో "వెరీ నైస్, వెరీ నైస్" అంటూ గోడ పొడుగునా నడిచిపోయేవాళ్ళని ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను. బొమ్మలో ఉన్న మనిషి ఎటు పోతోంది అని పట్టించుకున్నవాళ్ళు చాలా తక్కువ. మీ అత్తగారు పట్టించుకున్నారు. "వెళ్ళిపోతున్నట్టుంది" అన్నారు. మీరు పంపిన పదకొండు ఫొటోలనీ ఆ మాట గుర్తుపెట్టుకుని మళ్ళీ చూశాను. నాకు వచ్చిన ఇబ్బంది ఇంకోటి. ఆ ఆడవాళ్ళు వెళ్ళిపోతున్నట్టు కూడా లేరమ్మా. నిలబడినట్టూ లేరు. బీరువాలో హ్యాంగర్లకి చీరలు తగిలించినట్టు ఉన్నారు.

వీపు వేయడం తప్పించుకోవడం ఏమీ కాదు. మీరుండే చోటు నుంచి పళవంతాంగల్ స్టేషన్‌కి వెళ్ళి లోకల్ రైలెక్కితే నేరుగా ఎగ్మోర్‌లో దిగొచ్చు. పాంథియన్ రోడ్డులో ప్రభుత్వ మ్యూజియం, 1851 నాటిది. అందరూ కంచు విగ్రహాల కోసం వెళ్తారు. మీరు ముందు అమరావతి రాళ్ళ దగ్గరికి వెళ్ళండి. కృష్ణ ఒడ్డున చెక్కిన పలనాటి సున్నపురాయి, పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు చేరింది. కొన్ని లండన్ దాకా వెళ్ళాయి, మిగిలినవి మనలాగే ఇటొచ్చి ఇక్కడే ఉండిపోయాయి. అమరావతి శిల్పాల్లో బుద్ధుడి పాదముద్రల ముందు, ఖాళీ ఆసనం ముందు వంగి మొక్కే ఆడవాళ్ళు కనిపిస్తారు. చాలామంది మనకు వీపే చూపిస్తారు. దగ్గర దగ్గర రెండు వేల ఏళ్ళ కిందటి తెలుగు నేల వీపులు. ముఖం లేదన్న లోటు మనకి తోచదు. ఆ కూర్చోవడం చూడండి. పిరుదులు మడమల మీద ఆనాయి, అరికాళ్ళు పైకి తేలాయి, వెన్ను మధ్య గాడి వంగింది, బరువంతా ముందుకు జారి చేతుల్లోకి పోతోంది. చెక్కినవాడికి ఆమె శరీరం ఎక్కడ దేని మీద ఆనిందో తెలుసు. అది తెలిశాక ముఖం ఉన్నా లేకపోయినా మనిషి ఉంటుంది.

మీ ప్రశ్నకి నా దగ్గరున్న సమాధానం దాదాపు ఇంతే: ఈవిడ బరువు ఎక్కడ మోపింది? అక్కణ్ణుంచి బొమ్మ మొదలుపెట్టండి. మిగిలినదంతా దీనికి వివరణ. నా అలవాటు మీకు తెలుసుగా, వివరణ కాస్త పొడుగవుతుంది.

రెండేళ్ళు కోర్సు చదివారు కాబట్టి ఇది చెప్పే ఉంటారు, కానీ మీ బొమ్మల్లో కనపడలేదు. మనిషి ఒంటికాలి మీద బరువు వేసి నిలబడితే ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది. మెడ వెనక ఎముక బుడిపె ఉంటుంది చూడండి, దాని నుంచి దారానికి తాళంచెవి కట్టి వేలాడదీస్తే అది బరువు మోసే కాలి మడమ దగ్గరికి వస్తుంది. మీ ఏడో బొమ్మ, ఆకుపచ్చ చీర ఆవిడ, కుండ ఎత్తుకున్నావిడ: దారం వేసి చూశాను. రెండు మడమల మధ్య ఖాళీలో పడింది. అంటే బరువు రెండు కాళ్ళ మీదా సమానంగా ఉందన్నమాట. కానీ తుంటి మాత్రం కుడివైపు ఒయ్యారంగా పైకి లేచింది. చంకలో నీళ్ళకుండ పెట్టుకుని అలా నిలబడితే నీళ్ళు ఒలకడం కాదు, మనిషే పడిపోతుంది. ఆ తుంటి మీరు ఏ మనిషిలోనూ చూసి వేసింది కాదు. ఏదో బొమ్మలోంచి వచ్చింది.

నేనూ ఇదే చేశాను. ఒకప్పుడు "స్త్రీ" అని ఒక సిరీస్ మొదలుపెట్టి, స్త్రీ-1 నుంచి స్త్రీ-14 దాకా నంబర్లు వేశాను. ఒకాయన వచ్చి "స్త్రీ-9 బ్లూ కలర్‌లో దొరుకుతుందా, మా సోఫా బ్లూ" అన్నాడు. అప్పుడు ఒళ్ళు మండింది గానీ తర్వాత ఆలోచిస్తే ఆయన తప్పేమీ లేదు. నంబరు వేసి అమ్మే వస్తువుకి రంగు అడుగుతారు. ఆ పద్నాలుగు బొమ్మల్లో ఒక్క మనిషి లేదు. ఉన్నదంతా "స్త్రీ". దుఃఖిస్తున్న స్త్రీ, ఎదురుచూస్తున్న స్త్రీ, చంద్రుడు, తామరపువ్వు. ఇప్పుడు వాటిలో మూడు అటక మీద ఉన్నాయి, వెనకవైపు తెల్లరంగు వేసి వేరే బొమ్మలు వేసుకున్నాను.

నాకు దారి చూపించింది మా వీధి చివర ఇస్త్రీ బండి. స్త్రీ ముందు ఒక "ఇ" చేరిస్తే ఇస్త్రీ అని మా ఇంట్లో పాత జోకు. బండి ఆవిడది చిత్తూరు వైపు, యాభై దాటి ఉంటాయి, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. బొగ్గుల పెట్టె, ఐదారు కిలోలు ఉంటుంది. నిలబడి పోజివ్వమని అడిగితే "నువ్వు గంట నిలబెడితే నా గుడ్డలు ఎవరు చేస్తారమ్మా" అంది. సరే, పని చేసుకుంటుంటేనే గీస్తాను, అరగంటకి ఇంత అని డబ్బిస్తాను అని మాట్లాడుకున్నాం. న్యూస్‌ప్రింట్ ప్యాడ్, బొగ్గుపుల్ల, ఒక్కో బొమ్మకి రెండు నిమిషాలు మించకుండా. మొదటి నెలంతా నేను గీసింది ఆవిడ ముక్కుపుడక. ముఖం ముందు గీయడం, అది బాగా వచ్చిందని మురిసిపోవడం, దాని కింద ఒళ్ళు తగిలించడం. ప్యాడ్ నిండా ముక్కుపుడక పెట్టుకున్న హ్యాంగర్లు.

ఒకరోజు కళ్ళు కిందికి పోయాయి. చెప్పులు బండి కింద విడిచేసి ఉన్నాయి. ఎడమ చెప్పు మామూలుగా ఉంది, కుడి చెప్పు ముందు భాగం, వేళ్ళ దగ్గర, గుంట పడిపోయింది. మడమ దగ్గర ఏమీ అరగలేదు. అదేంటా అని ఆవిడ పాదాలు చూస్తూ కూర్చున్నాను. మామూలు గుడ్డ రుద్దేటప్పుడు ఎడమ పాదాన్ని ఎత్తి కుడి పిక్కకి ఆనించి కొంగలా నిలబడుతుంది. గట్టి కాలరో, జీన్సు ప్యాంటు కుట్టో వస్తే రెండు కాళ్ళూ దించి, కుడి మునివేళ్ళ మీద లేచి, పొట్టని బండి అంచుకి ఆనించి, భుజం నుంచి ఒళ్ళంతా ఆ పెట్టె మీద వేస్తుంది. ఒక్క క్షణమే. ఆ క్షణంలో ఆవిడ బరువు చాలా మటుకు కాళ్ళ మీద ఉండదు. ఎవరో సాఫ్ట్‌వేర్ అబ్బాయి చొక్కా కాలర్ మీద ఉంటుంది.

నాకు బొమ్మ దొరికింది అక్కడ. మూడడుగులు నాలుగడుగుల కాన్వాసు, ఐదు నెలలు పట్టింది. ముందు బొగ్గుతో రెండే గీతలు పెట్టుకున్నాను, మునివేళ్ళ నుంచి భుజం దాకా ఒకటి, భుజం నుంచి పెట్టె దాకా ఇంకోటి. వాటి మీద మిగతా ఒళ్ళు. బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగుని టర్పెంటైన్‌తో నీళ్ళలా పల్చగా చేసి మొత్తం పూసి, వెలుగు పడే చోట పాత బనియన్ గుడ్డతో తుడిచాను. ఆ దశలోనే బొమ్మ నిలబడిందా లేదా తెలిసిపోతుంది, రంగులు వచ్చాక మనల్ని మనం మోసం చేసుకోవడం సులువు. మూడో పొర దాకా వచ్చాక ఫోన్లో ఫొటో తీసి ఆవిడకి చూపించాను. చాలాసేపు చూసింది. "ఈ చెయ్యితో పెట్టె ఎత్తేదానికి అవుతాదామ్మా?" అంది. కొత్త బొమ్మలబ్బాయి ఎవరైనా అని ఉంటే వాదించేదాన్ని. ఇంటికొచ్చి ప్యాలెట్ కత్తితో చెయ్యి మొత్తం గీకేశాను. నాకు తెలియకుండానే మణికట్టు సన్నగా వేశాను, నాట్యం చేసేవాళ్ళ చెయ్యిలా. ఎందుకు? ఆడదాని చెయ్యి సన్నగా ఉండాలని నా చేతికి ఎవరో నేర్పారు కాబట్టి. మళ్ళీ వేసినప్పుడు మోచేతి కింద కండ ముద్దలా వచ్చింది. అది చూసి నాకే మొదట మోటుగా అనిపించింది, వారం రోజులు కాన్వాసు గోడకి తిప్పి పెట్టాను.

పారిస్‌లో దెగా అనే చిత్రకారుడు ఇస్త్రీ చేసే ఆడవాళ్ళని ఏళ్ళ తరబడి వేశాడు. 1880ల్లో వేసిన ఒకదాంట్లో ఇద్దరున్నారు. ఒకావిడ రెండు చేతులూ పెట్టె మీద వేసి తల వంచి నొక్కుతోంది, పక్కావిడ చేతిలో సీసాతో నోరంతా తెరిచి ఆవలిస్తోంది. వాళ్ళ ముఖాలు ఎవరికీ గుర్తుండవు, ఆవలింత గుర్తుంటుంది. అదే పారిస్‌లో సుజాన్ వాలదాన్ అని బట్టలుతికే తల్లికి పుట్టిన పిల్ల, రెన్వార్ లాంటి చిత్రకారులకి మోడల్‌గా గంటలు గంటలు నిలబడి, వాళ్ళని చూస్తూ చూస్తూ తనే బొమ్మలు నేర్చుకుంది. ఆమె గీతల్ని కొన్నవాళ్ళలో దెగా ఒకడు. 1931లో, అరవై అయిదేళ్ళు దాటాక, ఛాతీ మీద బట్ట లేకుండా తన బొమ్మ తనే వేసుకుంది. గంటల తరబడి కదలకుండా నిలబడితే ఒళ్ళు ఎక్కడెక్కడ తిమ్మిరెక్కుతుందో తెలిసిన మనిషి చెయ్యి అది.

ఇక ముఖం. క్యాలెండర్ బొమ్మ వస్తోందన్నారు. వస్తుంది, రాకుండా ఎలా ఉంటుంది? రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి దేవతల్ని అచ్చేసి ఇంటింటికీ పంపాడు. మీ అత్తగారి మనసులో ఉన్న లక్ష్మి ముఖం ఆ వంశానిదే అయ్యుంటుంది. ఆ తర్వాత మన తరం చేతులు వడ్డాది పాపయ్య గారి రంగుల దగ్గర, బాపు గారి గీత దగ్గర పెరిగాయి. ఆ గీత ఎంత గొప్పదంటే, మనం మన పిన్నిని చూస్తూ గీసినా వాలుజడ, కోల కళ్ళ బాపు బొమ్మే దిగుతుంది. దాన్ని తిట్టుకోవద్దు, అది తల్లిపాలు. మా మేనమామ కోడంబాక్కంలో సినిమా బ్యానర్లు వేసేవాడు. గళ్ళు కొట్టుకుని, ఇరవై అడుగుల హీరోయిన్ ముఖంలో ముందు కళ్ళు, తర్వాత పెదాలు. "ముఖం కుదిరితే టికెట్టు తెగినట్టే" అనేవాడు. బ్యానర్‌కి అది సరైన పద్ధతే. రోడ్డు మీద పోయేవాడు మూడు సెకన్లలో చూసి పోవాలి. మీ బొమ్మ చూసేవాడికి అంత తొందర లేదు.

ముఖం వేయాలనిపిస్తే, ఎవరికోసమూ సర్దుకోని ముఖాన్ని పట్టుకోండి. పులుసు ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకి ఉప్పు చూస్తాం చూడండి, అప్పుడు కళ్ళు ఎటో పోతాయి, ఒక బుగ్గ లోపలికి పోతుంది, కనుబొమలు కలుస్తాయి. ఆ ముఖం ఏ క్యాలెండర్లోనూ చూడలేదు నేను. సూదిలో దారం ఎక్కించే ముఖం, ఫోన్లో ఓటీపీ కోసం వెతుక్కునే ముఖం. ఇవన్నీ చెవి దగ్గర నుంచి మొదలుపెట్టి గీయండి. చెవి, దవడ మూల, మెడ. కళ్ళు చివర. కళ్ళు ముందు వేస్తే అవి మిమ్మల్నే చూస్తూ "నేను బాగున్నానా?" అని అడుగుతాయి, మీ చెయ్యి మెత్తబడిపోతుంది.

రంగు గురించి ఒక్క మాట. మీ బొమ్మల్లో అన్ని వీపులూ గులాబీ. ట్యూబ్ మీద "ఫ్లెష్ టింట్" అని రాసుంటుందే, ఆ రంగు వాడుతున్నారని నా అనుమానం. అది మన ఒంటి రంగు కాదు, ఆ ట్యూబ్ పారేయక్కర్లేదు, గోడలు వేసేటప్పుడు పనికొస్తుంది. బర్న్ట్ సియెన్నా, యెల్లో ఆకర్ అనే పసుపుమట్టి రంగు, అల్ట్రామెరీన్ నీలం. ఈ మూడింటితో చామనఛాయ నుంచి నలుపు దాకా చాలా వస్తాయి. గోధుమ రంగు ఒంటి మీద చెమట మెరిసే చోట తెల్లరంగు ఊరికే పెట్టకండి. కిటికీ దగ్గరైతే అక్కడ ఆకాశం నీలం పడుతుంది, ట్యూబ్‌లైట్ కింద అయితే చల్లటి బూడిద. మీ మోచెయ్యి కిటికీ దగ్గర పెట్టి చూసుకోండి, నేను చెప్పేకంటే అది బాగా చెబుతుంది. టర్పెంటైన్ వాడేటప్పుడు ఫ్యాను కాదు, కిటికీ తెరవాలి. వంటింట్లో స్టవ్ దగ్గర దాని సీసా పెట్టకండి. ఫొటోలో మీ ఈజిల్ వెనక గ్యాస్ సిలిండర్ కనిపించి నాకు టెన్షన్ వచ్చింది.

బట్టల దగ్గరకొస్తే, పదకొండు బొమ్మల్లోనూ చీరే. మీరు రోజంతా ఇంట్లో చీరలో ఉంటారా? మన చెన్నై ఇళ్ళల్లో పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం దాకా రాజ్యమేలేది నైటీ. కూరల బండి వస్తే దాని మీద ఒక టవల్ కప్పుకుని వీధిలోకి వెళ్తాం. చీర నడుముని చూపిస్తుంది, కుచ్చిళ్ళు గీతలు ఇస్తాయి, బొమ్మ వేసేవాడికి సగం పని చీరే చేసిపెడుతుంది. నైటీ ఏ సాయమూ చేయదు. భుజాల నుంచి గోనెసంచిలా దిగిపోతుంది. ఒంటికి తగిలేది భుజాల దగ్గర, రొమ్ముల దగ్గర, పొట్ట దగ్గర, నడిచేటప్పుడు మోకాలి దగ్గర. మడతలన్నీ ఆ చోట్ల నుంచే బయల్దేరతాయి. ఆ నాలుగు చోట్లా సరిగ్గా పట్టుకుంటే లోపల మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, లేకపోతే తెలియదు. ఒంటిని నేర్చుకోవడానికి ఇంతకంటే కఠినమైన మాస్టారు లేడు. మీ ఇంట్లో బట్టలేని బొమ్మలు వేయలేనన్నది మీ ఉత్తరంలో ఎక్కడా రాయలేదు గానీ, వరుసల మధ్య ఉంది. దాని గురించి ఇప్పుడే గొడవ పడక్కర్లేదు. నైటీతో ఒక ఆర్నెల్లు గడవనివ్వండి.

ఇప్పుడు మీరు అసలు అడిగిన మాట. ఆపరేషన్ తర్వాత ఆ మాట రాసే హక్కు నాకుందా అన్నారు. నేను డాక్టర్ని కాను. నిద్ర పట్టకపోవడం, ఏడుపు ఆగకపోవడం లాంటివి ఉంటే మీ డాక్టరమ్మకి చెప్పండి, బొమ్మలు దానికి మందు కావు. బొమ్మల వరకు నాకు తెలిసింది చెబుతాను.

తిరువాలంగాడు మీకు దగ్గరే, తిరువళ్ళూరు జిల్లా. అక్కడ నటరాజు పాదాల దగ్గర కూర్చుని పాడింది తమిళ శివభక్తురాలు కారైక్కాల్ అమ్మయార్. భర్త వదిలి వెళ్ళిపోయాక, ఈ అందం ఇంకెవరికోసం, తీసేసుకో అని శివుణ్ణి అడిగిందని కథ. ఎముకల గూడు మిగిలింది. చోళుల కాలపు శిల్పులు ఆమెను అలాగే చేశారు, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, రొమ్ములు వేలాడతాయి, చేతుల్లో తాళాలు. ఆమె కడుపున పిల్లలు పుట్టినట్టు ఆ కథలో ఎక్కడా లేదు. కైలాసం కొండని తలకిందులుగా ఎక్కుతూ వస్తుంటే శివుడు ఆమెను చూసి "అమ్మా" అని పిలిచాడట. అదే ఆమె పేరయింది. మన పక్కనే ఇలాంటి బొమ్మ ఉండగా, స్త్రీత్వం అంటే ఫలానా అవయవం అని మీకెవరు చెప్పారో నాకు అర్థం కాదు.

కేరళలో పొన్నాని వైపు నుంచి వచ్చి 1960ల్లో ఎగ్మోర్ ఆర్ట్స్ కాలేజీలో చదువుకున్న టి.కె. పద్మిని బొమ్మలు కూడా వెతికి చూడండి. ఎక్కువగా ఆడవాళ్ళే. గాలిపటం ఎగరేస్తున్న అమ్మాయి ఆమెదే. 1969లో కాన్పులో పోయింది, ముప్ఫై నిండకుండానే. మన చిత్రకారుడు దామెర్ల రామారావు గారు కూడా 1925లో ఇరవైల్లోనే పోయారు. రాజమండ్రిలో ఆయన పేరు మీద గ్యాలరీ ఉంది. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చి కృష్ణమ్మ కూడా బొమ్మలు వేసినవాళ్ళే. ఆ పేర్లు ఎంతమందికి తెలుసు? సరే, అది వేరే కోపం, ఇంకోసారి.

మీ చేతికి ఒక పని ఇస్తాను. నాకు రెండు కాన్పులూ సిజేరియన్లే, కాబట్టి ఇది కొంత తెలుసు. ఆపరేషన్ తర్వాత మొదటి వారం మంచం మీంచి ఎలా లేచారు? నేరుగా లేవలేం. ముందు ఒక పక్కకి ఒత్తిగిలాలి. మోచెయ్యి పరుపులో దిగేస్తూ, కాళ్ళు కిందికి జారవిడిచి, ఆ కాళ్ళ బరువు లాగుతుంటే ఒళ్ళు పైకి లేస్తుంది. ఒక అరచెయ్యి పొత్తికడుపు మీద అదిమి ఉంటుంది. లేచాక కూడా వెంటనే నిటారుగా నిలబడం, మంచం అంచు పట్టుకుని ఒక నిమిషం అలా వంగే ఉంటాం, నేల వైపు చూస్తూ. ఎంతమంది ఆడవాళ్ళు అలా లేచి ఉంటారు? ఆ భంగిమ నేను ఏ గ్యాలరీలోనూ చూడలేదు. మీ ఒంటికి అది కంఠతా వచ్చు.

అద్దం వద్దు, ఫొటో వద్దు. మంచం మీద పడుకుని ఆ లేవడాన్ని నెమ్మదిగా చేయండి, మధ్యలో ఆగండి. కళ్ళు మూసుకుని ఎక్కడెక్కడ ఒత్తిడి ఉందో గమనించుకోండి. మోచెయ్యా, తుంటి పక్కనా, కడుపు మీద చెయ్యా, మెడా. లేచి వెంటనే కాగితం మీద ఆ చోట్ల ఎర్ర సుద్దతో మచ్చలు పెట్టండి, గట్టిగా ఉన్నచోట పెద్ద మచ్చ. తర్వాత ఆ మచ్చల్ని కలుపుతూ మనిషిని గీయండి. తల గుర్తు రాకపోతే తల వేయకండి. ఆస్ట్రియాలో మరియా లాస్నిగ్ (1919–2014) అనే ఆవిడ జీవితమంతా దాదాపు ఇదే చేసింది. కంటికి కనిపించే ఒళ్ళు వదిలేసి, లోపల్నుంచి తెలిసే ఒళ్ళు వేసింది. తెలియని భాగాలు వేసేది కాదు. ఆమె బొమ్మలు మొదటిసారి చూస్తే భయంగా ఉంటాయి, రెండోసారి మన నడుంనొప్పి గుర్తొస్తుంది. ఇలాంటివి ఇరవై గీయండి. పన్నెండో దానికి మీకే నవ్వొస్తుంది. పదిహేను దాటాక చెయ్యి అబద్ధాలు మానేస్తుంది. నా అనుభవం ఇంతే, మీ లెక్క వేరు కావొచ్చు. వాటిలో ఒకదాన్ని కాన్వాసు మీదికి ఎక్కించండి. వీపే వచ్చిందా, రానివ్వండి.

కాన్సెప్ట్ నోట్ గురించి ఇంత బెంగ దేనికి? మార్చి నెలలో ఏ ఊళ్ళో ఆడవాళ్ళ షో పెట్టినా ఆహ్వానపత్రం మీద "స్త్రీత్వ అన్వేషణ" ఉంటుంది. చదివేవాళ్ళ కళ్ళు దాని మీద జారిపోతాయి. మీరు చేసిన పని రాయండి చాలు. "ఈ బొమ్మల్లో ఉన్నది ఒకే మనిషి. ఆమె మంచం మీంచి లేస్తోంది. బొమ్మలు గుర్తుమీద వేసినవి, ఆయిల్, కాన్వాసు మీద." ఆపరేషన్ సంగతి రాయాలా వద్దా అన్నది మీ ఇష్టం. అడిగినవాళ్ళందరికీ కేస్ షీటు చూపించే బాధ్యత బొమ్మలు వేసేవాళ్ళకి లేదు. షోకి గడువు దగ్గరలో ఉంటే పాత పదకొండిట్లోంచి నాలుగోది, తొమ్మిదోది ఇవ్వండి. తొమ్మిదో దాంట్లో గడప మీద కూర్చున్నావిడ ఎడమ చెయ్యి నేలకి ఆనింది, చూశారా, అరచెయ్యి అంచు తెల్లబడింది. అది మీరు చూసి వేసిందే. అక్కడ ఆవిడ నిజంగా కూర్చుంది.

మీ అత్తగారికి ఆ తొమ్మిదోది ఒక్కటీ చూపించి, ఈవిడ ఎక్కడికి వెళ్తోంది అని అడగండి. ఏమన్నారో నాకు రాయండి. వీలైతే ఆవిడ మునగాకు దూసేటప్పుడు ఎదురుగా పీట వేసుకుని కూర్చుని గీయండి కూడా. ఎనభై దగ్గర పడుతున్న మనిషి నేల మీద కూర్చుంటే బరువు ఎలా సర్దుకుంటుందో మీకూ నాకూ తెలియదు. "నా బొమ్మెందుకే" అంటారు. అన్నాక కొంగు సర్దుకుంటారు. ఆ సర్దుకోకముందు ఉన్న రెండు నిమిషాల్లోనే గీసేయండి. మ్యూజియానికి ఆవిడని కూడా తీసుకెళ్ళండి, అమరావతి రాళ్ళ దగ్గర కాసేపు కూర్చోబెట్టండి. శుక్రవారం మాత్రం వెళ్ళకండి, ఆ రోజు సెలవు.